సదస్సులో సంకోచం: విస్తరణ విద్య చూపే మార్గం

జాతీయ స్థాయి సదస్సు ఏ నగరంలో జరిగినా తేనీటి విరామంలో కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ప్రత్యేక సంచిక ఆవిష్కరణ ముగిసి ప్రతినిధులందరూ ఒక్కసారిగా సభామందిరం వెలుపలికి వస్తారు. అయిదు నిమిషాలు గడవకముందే ఆ సమూహం చిన్న చిన్న గుంపులుగా విడిపోతుంది. ఏ గుంపును పరిశీలించినా అందులోని వారంతా ఒకే విశ్వవిద్యాలయానికి, చాలాసార్లు ఒకే విభాగానికి, కొన్నిసార్లు ఒకే కారులో వచ్చిన బృందానికి చెందినవారై ఉంటారు. ఈ గుంపులకు ఆవల, గోడ పక్కన, సదస్సు వారిచ్చిన సంచిని రెండు చేతులా పట్టుకుని, రాని సందేశం కోసం సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడిన పరిశోధక విద్యార్థులు కొందరు ఉంటారు. వారు తమ సిద్ధాంత వ్యాసంలో పదిసార్లు ఉదహరించిన శాస్త్రవేత్త నాలుగడుగుల దూరంలో ఒంటరిగా టీ తాగుతుంటారు. విరామం ముగిసిందని ప్రకటన వినిపిస్తుంది. ఇరువురూ లోపలికి వెళ్లిపోతారు.

ఈ సంకోచాన్ని వ్యక్తి స్వభావంగా భావించి వదిలివేయడం విద్యాసంస్థల్లో పరిపాటి. "ఆ అబ్బాయికి మొహమాటం ఎక్కువ" అనే ఒక్క మాటతో విషయం ముగుస్తుంది. కానీ దీనివల్ల కలిగే నష్టం ఆ విద్యార్థి ఒక్కడిదే కాదు. సదస్సులో సమర్పించిన పత్రాలన్నీ తరువాత సంపుటిగా వస్తాయి, వాటిని తీరికగా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. సంపుటిలోకి ఎక్కనివి వేరే ఉన్నాయి. విఫలమైన ప్రయోగాలు, ఇంకా ప్రచురణకు నోచుకోని పరిశీలనలు, "ఈ మందు మా ప్రాంతంలో పని చేయలేదు" అన్న అనుభవం, ఇవన్నీ మనిషి నుండి మనిషికి మాటగానే అందుతాయి. ప్రయాణ భత్యం, నమోదు రుసుము చెల్లించి శాస్త్రవేత్తలను సదస్సులకు పంపడంలోని పరమార్థం ఇదే.

ఈ మాటలు అందకపోతే ఏం పోతుందో ఇటీవలి రెండు పురుగులు చాలినంతగా చెప్పాయి. మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో అడుగుపెట్టింది. మన దేశంలో దానిని తొలిసారిగా 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో గుర్తించారు. అదే సంవత్సరంలో అది తెలుగు రాష్ట్రాల చేలకు చేరింది. అప్పటికి ఆఫ్రికా శాస్త్రవేత్తలకు రెండేళ్ల అనుభవం, కర్ణాటక శాస్త్రవేత్తలకు కొన్ని నెలల అనుభవం ఉన్నాయి. ఇక మిరప రైతును 2021-22లో కుదిపివేసిన నల్ల తామర పురుగు సంగతి. ఈ పురుగు ఉనికి 2015లోనే బెంగళూరులో బొప్పాయిపై నమోదైంది. అంటే మిరపలో విపత్తు రావడానికి ఆరేళ్ల ముందే దానిని ఎరిగినవారు పక్క రాష్ట్రంలో, వేరొక పంట మీద పనిచేస్తూ ఉన్నారు. ప్రచురితమైన పరిశోధన అందరికీ అందుబాటులో ఉంటుందన్నది నిజమే. అయితే పువ్వులో గుంపులుగా చేరిన పురుగు ఏదో, దానిని ఏ పేరుతో వెతకాలో తెలియని తొలి వారంలో గ్రంథాలయం చేసే సహాయం కంటే పరిచయస్తుడి ఫోన్ నంబరు చేసే సహాయం ఎక్కువ.

స్వల్ప పరిచయాల విలువ

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పత్రం ఈ విషయానికి మూలస్తంభం వంటిది. బోస్టన్ నగర శివారులోని న్యూటన్‌లో ఉద్యోగం మారిన వారిని ఆయన పరిశీలించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగ సమాచారం పొందిన వారిలో, ఆ పరిచయస్తుడిని తరచుగా కలుస్తూ ఉన్నవారు 16.7 శాతం మాత్రమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. కారణం తేలికగానే అర్థమవుతుంది. రోజూ కలిసే మిత్రులకు మనకు తెలిసిన సంగతులే తెలిసి ఉంటాయి. కొత్త సమాచారం మన వలయానికి బయట తిరిగే వ్యక్తి నుండి వస్తుంది.

విస్తరణ విద్య చదివినవారికి ఈ సూత్రం కొత్త కాదు. అయోవా రాష్ట్రంలోని రెండు గ్రామీణ సమాజాలలో 259 మంది రైతులు సంకర మొక్కజొన్నను స్వీకరించిన తీరుపై బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం ఈ శాస్త్రానికి పునాది. అందరికంటే ముందుగా విత్తనాన్ని స్వీకరించిన రైతులలో కనిపించిన ఒక లక్షణం, వారు రాష్ట్ర రాజధాని డెమోయిన్‌కు ఇతరులకంటే ఎక్కువసార్లు వెళ్లి వస్తుండడం. ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన తన గ్రంథంలో ఇటువంటి బాహ్య సంబంధాలను తొలి స్వీకర్తల లక్షణాలలో ఒకటిగా చేర్చారు. ఎం.ఎస్సీ. విస్తరణ విద్య ప్రశ్నపత్రంలో దీని మీద ప్రశ్న రాని సంవత్సరం అరుదు. ఆ ప్రశ్నకు పది మార్కులకు సరిపడా సమాధానం రాసిన విద్యార్థే సదస్సు విరామంలో తన గదిలోని స్నేహితుడితో మాత్రమే మాట్లాడి తిరిగి రావడంలో ఒక చమత్కారం ఉంది.

వ్యవసాయ చరిత్రలో స్వల్ప పరిచయం చేసిన మేలుకు గోధుమ కథను మించిన నిదర్శనం దొరకదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్‌లోని అమెరికా సైనిక పాలనలో వ్యవసాయ నిపుణుడిగా పనిచేస్తున్న సెసిల్ సాల్మన్ 1946లో అక్కడి పొట్టి గోధుమ రకాలను చూసి, వాటి విత్తనాన్ని స్వదేశానికి పంపారు. వాటిలో గోంజిరో ఇనాజుకా రూపొందించిన నోరిన్ 10 ఒకటి. వాషింగ్టన్ రాష్ట్రంలోని పుల్‌మన్‌లో ఆర్విల్ వోగెల్ దానిని బ్రెవర్ అనే రకంతో సంకరపరిచారు. ఆ సమయంలో మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ మరొక చిక్కులో ఉన్నారు. ఎరువు మోతాదు పెంచితే ఆయన గోధుమ బరువుకు ఆగలేక పడిపోతున్నది. 1952లో అర్జెంటీనా పర్యటనలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బర్టన్ బేలెస్‌తో మాట్లాడుతున్నప్పుడు బోర్లాగ్‌కు వోగెల్ వద్ద ఉన్న పొట్టి గోధుమ సంగతి తెలిసింది. ఆయన ఉత్తరం రాశారు, వోగెల్ గింజలు పంపారు. ఆ గింజల వంశం నుండి వచ్చిన పొట్టి గోధుమలే తరువాత మన దేశానికి చేరాయి. ఎం.ఎస్. స్వామినాథన్ చొరవతో బోర్లాగ్ 1963 మార్చిలో ఇక్కడి గోధుమ చేలు చూసేందుకు వచ్చారు. జపాన్ గింజ మెక్సికోకు చేరడానికి అర్జెంటీనాలో ఒక సంభాషణ అవసరమైంది. బోర్లాగ్ అక్కడ చేసిన పని తన ఇబ్బందిని దాచుకోకుండా చెప్పడమే.

వరిలోనూ ఇటువంటి కలయికలు ఉన్నాయి. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే పాత రకంలోని ముంపును తట్టుకునే గుణం అంతర్జాతీయ పరిశోధనల మీదుగా మారుటేరు స్వర్ణలోకి చేరి, 2009లో స్వర్ణ సబ్-1గా మన రైతుకు అందింది. బాక్టీరియా ఎండాకు తెగుళ్లను తట్టుకునే మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. బాపట్ల సాంబ మసూరిపై హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి చేసిన కృషి ఫలితమది.

అనుభవజ్ఞులకూ తప్పని జంకు

కొత్తవారితో కలవలేకపోవడం పల్లెల నుండి వచ్చిన విద్యార్థుల బలహీనత అని అనుకోనక్కరలేదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రామ్, మైఖేల్ మోరిస్ 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పరిచయాలు పెంచుకోవడానికే ఏర్పాటు చేసిన విందుకు సుమారు వంద మంది వ్యాపార నిర్వాహకులు హాజరయ్యారు. ఎవరు ఎవరితో ఎంతసేపు గడిపారో నమోదు చేసే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలను వారికి ధరింపజేశారు. కొత్తవారిని కలవడమే తమ ఉద్దేశమని వారిలో అత్యధికులు ముందుగానే చెప్పారు. తీరా చూస్తే వారి సమయంలో దాదాపు సగం ముందే తెలిసిన మిత్రులతో గడిచిపోయింది. మాటలు చెప్పడమే వృత్తిగా కలవారి పరిస్థితే ఇలా ఉంటే, నేల నమూనాలతో, త్రాసుతో మూడేళ్లు గడిపిన పరిశోధకుడిని తప్పు పట్టడం న్యాయం కాదు.

జంకు పుట్టే తీరును మనోవిజ్ఞాన శాస్త్రం కొంత వివరంగానే గుర్తించింది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, నలుగురిలో భయపడే వ్యక్తి దృష్టి ఎదుటివారి మీద ఉండదు, తన మీదనే ఉంటుంది. తన గొంతు ఎలా ఉంది, చెయ్యి వణుకుతున్నదా, తన ఇంగ్లీషులో తప్పు దొర్లిందా అని లోపల ఒక పరీక్షకుడు మార్కులు వేస్తూ ఉంటాడు. ఎదుటివారి మాట సగమే వినిపిస్తుంది కనుక తదుపరి ప్రశ్న తోచదు. ప్రశ్న తోచక మౌనం వస్తుంది, మౌనం వల్ల భయం రెట్టింపవుతుంది. సెల్‌ఫోన్ చూసుకోవడం, సంచిని కవచంలా పట్టుకోవడం, మూలన నిలబడడం వంటివి ఆ క్షణానికి ఊరటనిస్తాయి. కానీ భయం నిరాధారమని తెలుసుకునే అవకాశాన్ని కూడా అవే అడ్డుకుంటాయి.

నిజానికి చూసేవారు మనం అనుకున్నంత మంది ఉండరు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, నవ్వు తెప్పించే బొమ్మ ఉన్న చొక్కా తొడిగించి విద్యార్థులను ఇతరులున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది తమ చొక్కాను గమనించి ఉంటారని వారు భావించారు. గమనించినవారు సుమారు నాలుగో వంతు మాత్రమే. ఎరికా బూత్‌బీ, గిలియన్ శాండ్‌స్ట్రామ్ తదితరులు 2018లో ప్రచురించిన పరిశోధన మరింత ఊరటనిస్తుంది. తొలి సంభాషణ తరువాత, ఎదుటివారు తమను ఎంతగా ఇష్టపడ్డారని జనం ఊహించుకుంటారో, వాస్తవంలో అంతకంటే ఎక్కువగానే ఇష్టపడి ఉంటారని అది చూపింది. "నన్ను చూసి ఏమనుకున్నారో" అని హాస్టల్ గదికి వచ్చి కుమిలిపోయే విద్యార్థి అంచనా చాలావరకు తప్పే.

అయితే మన విద్యార్థుల సంకోచానికి ఈ సాధారణ కారణాలకు తోడు స్థానిక కారణాలు కూడా ఉన్నాయి. మొదటిది భాష. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి విషయం తెలిసినా, ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆగిపోతుందన్న భయం ఉంటుంది. ఇక్కడ గుర్తించవలసిన సంగతి, కోయంబత్తూరు నుండి, ధార్వాడ నుండి, భువనేశ్వర్ నుండి వచ్చిన ప్రతినిధికి కూడా ఇంగ్లీషు ఇంటి భాష కాదు. వారు తప్పులు లెక్కపెట్టడానికి రాలేదు. రెండవది హోదా. పెద్దవారు పలకరించేదాకా చిన్నవారు నోరు విప్పరాదన్న సంప్రదాయం ఇంట్లో మన్నన కావచ్చు. సదస్సులో మాత్రం అది ఇద్దరినీ మౌనంగా ఉంచుతుంది. మూడవది విద్యార్థినులకు మాత్రమే ఎదురయ్యేది. సాయంత్రపు విందులో అపరిచితులైన పురుషులతో మాట్లాడడంలో వారు పాటించే జాగ్రత్తను బిడియంగా లెక్కగట్టడం తప్పు, అది వివేకం. పగటి వేళ పోస్టర్ల వద్ద, మరొకరితో కలిసి మాట్లాడడం, వ్యక్తిగత ఫోన్ నంబరుకు బదులు సంస్థ ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామా ఇవ్వడం పూర్తిగా సముచితం.

గట్టు మీద లేని భయం సభలో ఎందుకు

వ్యవసాయ విద్యార్థులకు ఇతర శాస్త్ర విద్యార్థులకు లేని ఒక శిక్షణ ఉంది. బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో రావెప్ కార్యక్రమం కింద వారు పల్లెలో నివసిస్తారు. ముక్కూ మొహం తెలియని ఊరిలో రచ్చబండ దగ్గర పెద్దలను కూర్చోబెట్టి, ముగ్గుపిండితో నేల మీద గ్రామ పటం వేయిస్తారు. రైతు వెంట పొలాలకు అడ్డంగా నడుస్తూ నేల ఎక్కడ మారింది, నీరు ఎక్కడ నిలుస్తుంది అని అడిగి రాసుకుంటారు. మొదటి రోజు ఎంత జంకినా రెండో వారానికి "బాబాయ్, ఈ మడిలో మొక్క ఎందుకు పచ్చబడింది?" అని అడగడం అలవాటైపోతుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో పనిచేసే శాస్త్రవేత్తలకైతే ఇది దినచర్య. వందల మంది రైతుల ముందు తడబాటు లేకుండా మాట్లాడే వారిలో కొందరు సదస్సులో ముగ్గురు ఆచార్యుల ముందు మాట పెగలక నిలబడిపోతారు.

తేడా ధైర్యంలో లేదు, పనిలో ఉంది. పొలంలో వారి చేతిలో ఒక ప్రశ్న ఉంటుంది, దృష్టి మొక్క మీద ఉంటుంది. సదస్సులో తామే పరీక్షకు నిలబడినట్లు భావిస్తారు, దృష్టి తమ మీదకు మళ్లుతుంది. కనుక సదస్సుకు బయలుదేరే ముందు ధైర్యం కూడగట్టుకోవాలనే ప్రయత్నం కంటే ఒక మంచి ప్రశ్నను సిద్ధం చేసుకోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. విస్తరణ శాస్త్రం రైతుతో సాన్నిహిత్యం గురించి చెప్పే ప్రతి అంశమూ ఇక్కడ వర్తిస్తుంది. ముందుగా ఎదుటివారి పరిస్థితి తెలుసుకోవడం, వారికి తెలిసిన విషయం అడగడం, సలహా ఇచ్చే తొందర లేకపోవడం, విన్నదాని నుండే తదుపరి ప్రశ్న తీయడం ఇందులో ముఖ్యమైనవి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కృష్ణా డెల్టా వరి మాగాణుల్లో మినుము మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఉందనుకుందాం. సాధారణంగా ఆమె పరిచయం ఇలా సాగుతుంది: "నేను ఫలానా కళాశాలలో సస్య శాస్త్రంలో పి.హెచ్‌డి. రెండో సంవత్సరం చదువుతున్నాను." విన్నవారు తల ఊపుతారు. ఆ తరువాత చెప్పడానికి ఎవరికీ ఏమీ ఉండదు. అదే విద్యార్థిని, "మా దగ్గర వరి కోతకు ముందే నిలబడి ఉన్న చేలో మినుము చల్లుతారు. దుక్కి ఉండదు, అంతరకృషి కుదరదు. బంగారు తీగ వచ్చిందంటే అల్లుకుపోతుంది. మీ రాష్ట్రంలో వలిసెల పంటలో కూడా ఇదే సమస్య అని చదివాను. విత్తనంతో పాటు బంగారు తీగ గింజ రాకుండా మీరు ఏం చేస్తున్నారు?" అని ఒడిశా నుండి వచ్చిన శాస్త్రవేత్తను అడిగితే, సంభాషణ అక్కడి నుండి తనంతట తానే సాగుతుంది. జల్లెడ కన్నం పరిమాణం దగ్గర మొదలై విత్తన చట్టం దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు. కలుపు గురించి మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు కలుపు శాస్త్రజ్ఞుడు కాదన్న సందర్భం అరుదు.

ఇందులో రెండు మూడు వాక్యాలు మాత్రమే ముందుగా సిద్ధం చేసుకోవలసినవి. పంట ఏది, నేల లేదా ప్రాంతం ఏది, అంతుచిక్కనిది ఏది. ఈ మూడింటినీ ఇంగ్లీషులో రాసుకుని, బిగ్గరగా పది పన్నెండు సార్లు పలికితే భాషా భయం సగం తీరుతుంది. మిగిలిన సగం ఎదుటివారు మాట్లాడటం మొదలుపెట్టాక తీరుతుంది, ఎందుకంటే అప్పుడు వినడమే పని. సదస్సు కార్యక్రమ పత్రం ముందే చేతికి వస్తుంది కనుక, అందులో నుండి ముగ్గురి పేర్లు ఎంచుకుని, వారి పత్రాలు ఒక్కొక్కటి చదివి వెళ్లడం మంచిది. ముగ్గురు చాలు. ముప్పై మంది కార్డులు పోగు చేసి తిరిగి వచ్చినవారికి నెల తరువాత ఆ కార్డుల్లో ముఖాలు గుర్తుండవు.

గుండె వేగం, గొంతు తడారిపోవడం మాత్రం ఎంత సిద్ధమైనా వస్తాయి. వాటిని అణచడానికి చేసే ప్రయత్నం ప్రయోజనకరం కాదని అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. పాట పాడటం, ప్రసంగించడం, లెక్కలు చేయడం వంటి పనులకు ముందు తమ కలవరాన్ని ఉత్సాహంగా పేర్కొన్నవారు, శాంతంగా ఉండేందుకు ప్రయత్నించిన వారికంటే మెరుగ్గా చేశారు. మ్యాచ్‌కు ముందు ఆటగాడి గుండె కూడా ఇదే వేగంతో కొట్టుకుంటుంది, దానికి అతడు వేరే పేరు పెట్టుకుంటాడు.

సభలోపల పాటించదగిన మెళకువలలో పోస్టర్ ప్రదర్శనను ముందు చెప్పాలి. బిడియస్తులకు దానికంటే అనువైన చోటు సదస్సులో లేదు. అక్కడ నిలబడినవారు పలకరింపు కోసమే ఎదురు చూస్తుంటారు, పలకరించడానికి కారణం గోడ మీదనే రాసి ఉంటుంది. తన పోస్టర్ వద్ద నిలబడే వ్యక్తి మొత్తం చదివి వినిపించకుండా, ఒక పట్టిక లేదా ఒక చిత్రపటం చూపి "ఈ అంకె మాకే ఆశ్చర్యం కలిగించింది" అని మొదలుపెడితే ఎదుటివారు దగ్గరకు వస్తారు. ఎరువుల మోతాదుల పట్టికలను చిన్న అక్షరాల్లో కిక్కిరిసేలా ముద్రించే అలవాటు మానితే మరీ మంచిది. మూడు మీటర్ల దూరం నుండి కనిపించని పోస్టర్‌కు ఎవరూ దగ్గరకు రారు.

మాట్లాడుకుంటున్న గుంపులోకి ప్రవేశించడం కష్టమైన పని. ముఖాముఖిగా దగ్గరగా నిలబడి లోగొంతుకతో మాట్లాడుకునే ఇద్దరిని వదిలివేసి, ముగ్గురు నలుగురు కొంత ఎడంగా నిలబడిన చోటుకు వెళ్లి, ఒకటి రెండు నిమిషాలు వింటూ ఉండి, సందర్భం చూసి ఒక ప్రశ్న వేయడం సులభం. అంతకంటే సులభం, మొదట చెప్పినట్లు గోడ పక్కన ఒంటరిగా నిలబడిన మరో వ్యక్తిని పలకరించడం. ఆ వ్యక్తి కృతజ్ఞతతో మాట్లాడతాడు. సంభాషణ ముగించడం తెలియక అరగంట ఇబ్బంది పడేవారూ ఉన్నారు. "మీరు చెప్పిన పత్రం చదివి మీకు రాస్తాను, సెలవు తీసుకుంటాను సార్" అంటే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు.

పెద్ద సదస్సుకు ముందు చిన్న వేదికలపై సాధన చేయడం మేలు. ఖరీఫ్, రబీ సీజన్ల ముందు జరిగే మండల పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాల్లో శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు, అభ్యుదయ రైతులు ఒకేచోట కలుస్తారు. భాష తెలుగే, విషయం పరిచితమే. అక్కడ ఒక్కో సమావేశంలో తెలియని ఇద్దరిని పలకరించడం లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఢిల్లీ సదస్సు అంత భయంకరంగా తోచదు. ఈ సాధన ఎరువు వేయడం వంటిది. ఒకేసారి మొత్తం మోతాదు గుమ్మరించేకంటే దఫాలుగా వేస్తేనే మొక్క అందుకుంటుంది.

మార్గదర్శకుల, నిర్వాహకుల బాధ్యత

విద్యార్థి సంకోచాన్ని విద్యార్థి మీదనే వదిలివేయడం సరికాదు. సదస్సుకు విద్యార్థిని వెంట తీసుకువెళ్లిన ఆచార్యులు తమ పాత మిత్రులతో కలిసి మాయమైపోవడం తరచుగా చూసేదే. "ఈ అమ్మాయి బంగారు తీగ మీద పనిచేస్తోంది, మీ వలిసెల పని గురించి మీతో మాట్లాడాలట" అని ఒక్క వాక్యంతో పరిచయం చేసి, ఆ తరువాత పక్కకు తప్పుకోవడం మార్గదర్శకుడి విధి. తప్పుకోవడం పరిచయం చేసినంత ముఖ్యం. గురువు పక్కనే నిలబడితే శిష్యురాలు నోరు విప్పదు.

నిర్వాహకుల విషయంలో కొంచెం కటువుగానే చెప్పాలి. ప్రారంభ సభ గంటన్నర ఆలస్యమైతే, ఆ గంటన్నరను పోస్టర్ల సమయం నుండి కోసివేయడం ఆనవాయితీగా మారింది. భోజన విరామంలో, చేతిలో పళ్లెం ఉన్నప్పుడు, పోస్టర్లు చూడమనడం అంటే చూడవద్దనడమే. సన్మానాల జాబితా కుదించి, పోస్టర్లకు వేరుగా రెండు గంటలు కేటాయించిన సదస్సుల నుండి యువ శాస్త్రవేత్తలు పరిచయాలతో తిరిగి వస్తారు, మిగిలినవాటి నుండి సంచులతో తిరిగి వస్తారు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మీద సంస్థ చిహ్నం పెద్దగా, పేరు చిన్నగా ముద్రించడం కూడా మానదగినదే. పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద పనిచేసే పంట పేరు ఉంటే ఎవరికైనా మొదటి ప్రశ్న దొరుకుతుంది.

ఇక్కడ చెప్పినదంతా సాధారణమైన జంకు గురించి. నలుగురిలోకి వెళ్లాలన్న తలంపుకే రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, తరగతులు, మౌఖిక పరీక్షలు ఎగ్గొట్టవలసి రావడం వంటి స్థితి ఆరు నెలలకు మించి కొనసాగితే దానిని బిడియం అని సరిపెట్టుకోరాదు. అది చికిత్సకు లొంగే రుగ్మత. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులోనూ ఉచితంగా అందుబాటులో ఉంది. వసతి గృహాల వార్డెన్లు, విద్యార్థి సలహాదారులు ఈ నంబరును సూచన ఫలకం మీద ఉంచాలి.

సదస్సు ముగిసిన తరువాతి వారం అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది. కలిసిన రోజు రాత్రే కార్డు వెనుక తేదీ, మాట్లాడిన విషయం, ఇస్తానన్న వస్తువు రాసుకోవాలి. మూడు నాలుగు రోజుల్లో చిన్న లేఖ పంపాలి. అందులో పొగడ్త అనవసరం. "వలిసెల విత్తనం జల్లెడ పట్టడం గురించి మీరు చెప్పినది మా కేంద్రంలో ప్రయత్నిస్తున్నాం. మీరు అడిగిన మినుము ప్రయోగపు రెండేళ్ల దిగుబడి వివరాలు జతచేశాను" అన్నంత చాలు. బదులు రాకపోతే నెల ఆగి మరొకసారి రాయవచ్చు. రబీ ముగిశాక, తీగ ఈసారి ఎంత విస్తీర్ణంలో కనిపించిందో తెలుపుతూ ఒక ఫోటోతో మూడో లేఖ పంపితే, తరువాతి సదస్సులో ఆ శాస్త్రవేత్తే ఆమెను వెతుక్కుంటూ పోస్టర్ దగ్గరకు వస్తారు.